నిజం చెప్పండి, రెజ్లింగ్‌కీ మన ఎలక్షన్లకీ తేడా ఏంది?

పొదిలి రోడ్డు:

పెద్దగా ఆలోచించి పెట్టిన పోస్టు కాదిది, కడుపుమంటతో పెట్టింది. ఏ పార్టీనీ తిట్టడానికి కాదు, కాబట్టి కింద మీవాడు దొంగ మావాడు దొర అని మొదలుపెట్టొద్దని దండం పెట్టి అడుగుతున్నా.

మొన్న నెల్లూరులో ఒక రిసెప్షన్‌కి పోయాను. మా మేనమామ కొడుక్కి తెలిసినవాళ్లది, అంటే నాకేమీ కానివాళ్లది, చేపల పులుసు బాగుంటుందంటే తోడు పోయాను. తిని చెయ్యి కడుక్కోవడానికి పోతా పక్క హాల్లోకి తొంగి చూస్తే ఇద్దరు నాయకులు ఒకే బల్ల దగ్గర పక్కపక్కన కూర్చుని తింటున్నారు. పేర్లు చెప్పను. వేరువేరు పార్టీలు. ఐదారేళ్లుగా ఒకరినొకరు తిట్టుకున్న తిట్లు యూట్యూబ్‌లో ఇప్పటికీ ఉన్నాయి, తొడ కొట్టడం, మీసం తిప్పడం, దమ్ముంటే ఫలానా సెంటర్‌కి పది గంటలకు రా అనడం, అన్నీ అయ్యాయి. ఆ రోజు మాత్రం ఒకాయన వడ్డించే పిల్లోడిని పిలిచి "అన్నకి తలముక్క వెయ్యి, అదంటే ఇష్టం ఆయనకి" అన్నాడు. నా చెవులతో విన్నాను. తలముక్క ఇష్టమని కూడా తెలుసన్నమాట!

మాది పొదిలి దగ్గర ఒక పల్లె. 2019 పోలింగ్ రోజు సాయంత్రం బడి దగ్గర గొడవైంది. ఓటు వేయడానికి వచ్చిన ఒక ముసలామెని ఎవరి ఆటోలో తెచ్చారు అన్న దగ్గర మొదలై కర్రల దాకా పోయింది. మా బాబాయికి కుడి చెయ్యి మోచేతి కింద విరిగింది, రాడ్డు వేశారు, ఇప్పటికీ పొగాకు బేలు ఎత్తాలంటే ఇంకొకరిని పిలవాలి. కొట్టినాయన వరసకి మాకు మామ, మా నాన్న పెళ్లిలో తోడుపెళ్లికొడుకు ఆయనే. రెండు వైపులా కేసులు, వాయిదాల మీద వాయిదాలు. రెండిళ్లకీ మాటల్లేవు, పేరంటాల్లేవు, మా నాయనమ్మ పోయినప్పుడు కూడా వాళ్లింట్లో ఎవరూ గడప దాటి రాలేదు.

అక్కడేమో తలముక్క, ఇక్కడేమో రాడ్డు.

ఆ రాత్రి బస్సులో వస్తా ఉంటే చిన్నప్పటి రెజ్లింగ్ కార్డులు గుర్తొచ్చాయి. ఎత్తు, బరువు, ఛాతీ, ర్యాంకు చెప్పి ఎదుటివాడి కార్డు లాక్కునే ఆట ఉండేది కదా, అండర్‌టేకర్ కార్డు కోసం నేను కొత్త జామెట్రీ బాక్సు ఇచ్చేశాను, ఇంట్లో వాతలు తేలాయి. ఆరో తరగతిలో ఎదురింటి అన్న ఒకడు "అదంతా ఉత్తుత్తి కొట్లాటరా, వాళ్లు సాయంత్రం కలిసి తింటారు" అంటే రెండ్రోజులు వాడితో మాట్లాడలేదు. సరిగ్గా అదే బాధ మళ్లీ వచ్చింది.

రెజ్లింగ్ లోపలి సంగతులు తెలిసినవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి. ఆ ఉత్తుత్తి కొట్లాట ఎలా నడుపుతారు? మనం చూసేది కూడా అదేనా, లేక నేనే ఎక్కువ ఊహించుకుంటున్నానా?


పెన్నా గట్టు:

నేను 1999 నుంచి చూస్తున్నా తమ్ముడూ, ఇంట్లో తిట్లు తిని మరీ. అడిగావు కాబట్టి వివరంగా రాస్తా, ఓపిక లేనివాళ్లు కిందికి పోండి.

నువ్వు ఆ హాల్లో చూసినదాన్ని బయటపడకుండా కాపాడుకునే కట్టుబాటుకి రెజ్లింగ్‌లో "కేఫేబ్" అని పేరు. మంచివాడి వేషం "ఫేస్", చెడ్డవాడి వేషం "హీల్". రింగులో పగవాళ్లయితే బయట కూడా పగవాళ్లలాగే ఉండాలి, ఒక కారులో తిరగకూడదు, ఒక బల్ల మీద తినకూడదు. 1987 మేలో న్యూజెర్సీలో పోలీసులు ఒక కారు ఆపితే లోపల ఐరన్ షేక్, జిమ్ డగ్గన్ ఇద్దరూ ఉన్నారు. ఒకడిది ఇరాన్ జెండా పట్టుకుని అమెరికాని తిట్టే వేషం, రెండోవాడిది అమెరికా జెండా పట్టుకుని వాణ్ణి తరిమే వేషం, అప్పట్లో ఇద్దరికీ రింగులో పగ నడుస్తోంది. కారులో మత్తు పదార్థాలు కూడా దొరికాయి కానీ ఆ రెజ్లింగ్ నడిపే కంపెనీకి దానితో సమానమైన తలనొప్పి ఏంటంటే ఇద్దరూ కలిసి దొరకడం. ఇద్దర్నీ తీసేశారు, కొన్నాళ్లకి మళ్లీ పిలిచారనుకో. మన నాయకులకి ఆ భయం కూడా లేదు. ఫోటో బయటికొస్తే "పెళ్లికి పోవడం కూడా రాజకీయమేనా" అంటారు, మనమూ నిజమే కదా అంటాం.

తర్వాత రెండేళ్లకి, 1989లో, అదే న్యూజెర్సీలో కంపెనీవాళ్లే సెనేట్ ముందు ఒప్పుకున్నారు, మాది పోటీ కాదు వినోదం అని. పోటీ అంటే క్రీడల కమిషన్ అజమాయిషీ, లైసెన్సులు, పన్నులు ఉంటాయి కదా, అందుకు. డబ్బు మిగులుతుందంటే నిజం చెప్పడానికి కూడా వెనకాడని వ్యాపారం! చిత్రం ఏంటంటే ఉత్తుత్తిదని తేలాక కూడా జనం తగ్గలా. మా వీధిలో నాతోపాటు అందరికీ తెలుసు, అయినా వారం వారం చూసేవాళ్లం, ఎవరు గెలుస్తారని కాదు, ఎలా గెలిపిస్తారో చూద్దామని.

ఇక "టర్న్" అని ఒకటుంది, మంచివాడు చెడ్డవాడుగా మారడం, లేదా తిరగేసి. 1996 జులైలో హల్క్ హోగన్, అప్పటిదాకా పిల్లలకి ప్రార్థన చేసుకోండి విటమిన్లు వేసుకోండి అని చెప్పినవాడు, ఒక్క రాత్రిలో చెడ్డవాళ్ల జట్టులో కలిశాడు, జనం రింగులోకి చెత్త విసిరారు. మన జిల్లాకి ఇది కొత్తా? 2023 మార్చిలో ఎమ్మెల్సీ ఎన్నికల్లో క్రాస్ ఓటింగ్ చేశారని వైసీపీ నలుగురు ఎమ్మెల్యేలని సస్పెండ్ చేస్తే ముగ్గురు నెల్లూరువాళ్లే, ఆనం రామనారాయణరెడ్డి, కోటంరెడ్డి శ్రీధర్‌రెడ్డి, మేకపాటి చంద్రశేఖర్‌రెడ్డి. మొదటి ఇద్దరూ 2024లో టీడీపీ నుంచి గెలిచి మళ్లీ అసెంబ్లీకి పోయారు. వాళ్ల కారణాలు వాళ్లకుంటాయి, తప్పని నేననట్లేదు. నేను చూసేది కింద ఉన్న జనాన్ని. హోగన్ మీద చెత్త పడింది, మన దగ్గర కండువా మారిన మర్నాడే పాత ఫ్లెక్సీ ఉన్న చోట కొత్త రంగు ఫ్లెక్సీ లేస్తుంది, కట్టేదీ అదే కుర్రాళ్లు, సుతిలి తాడు కూడా అదే.

అమెరికాలో అయితే ఈ రెండు వ్యాపారాల మధ్య గోడే లేదు. జెస్సీ వెంచురా 1998లో మిన్నెసోటా గవర్నరుగా గెలిచాడు. నీ కార్డుల కట్టలో ఉండే కేన్, అసలు పేరు గ్లెన్ జేకబ్స్, 2018లో టెనెసీలో ఒక కౌంటీకి మేయరయ్యాడు. ట్రంప్ సంగతి అందరికీ తెలిసిందే, 2007 ఏప్రిల్ 1న డెట్రాయిట్‌లో కంపెనీ ఓనరు విన్స్ మెక్‌మాన్‌తో పందెం, ఇద్దరి తరఫునా చెరో పహిల్వాను, ఓడినవాడికి గుండు. మెక్‌మాన్‌కి రింగులోనే గుండు కొట్టారు. నవ్వొద్దు, మన దగ్గర 2024లో పవన్ కల్యాణ్ పిఠాపురంలో గెలిస్తే పేరు మార్చుకుంటానని ముద్రగడ పద్మనాభం సవాల్ చేసి, పవన్ గెలిచాక నిజంగానే పద్మనాభరెడ్డి అని మార్చుకున్నారు. మాట మీద నిలబడ్డారు, రెజ్లింగ్‌లో అయితే జుట్టు మళ్లీ మొలుస్తుంది.

చివరిగా నువ్వు అడగని సంగతి ఒకటి. రింగు నేల మెత్తగా పరుపులా ఉంటుందనుకుంటారు అందరూ. కింద ఇనుప దూలాలు, వాటి మీద చెక్కలు, పైన పల్చటి ఫోమ్, గుడ్డ, అంతే. దాని మీద పడటాన్ని "బంప్" అంటారు. ఎవరు గెలవాలో ముందే రాసుకుంటారు కానీ నడుముకి ఆ సంగతి తెలియదు, ఇరవై ఏళ్లు పడితే మోకాళ్లు, మెడ, అన్నీ పోతాయి. ఓవెన్ హార్ట్ 1999 మేలో కాన్సస్ సిటీలో పైకప్పు నుంచి తాడు మీద దిగే వేషంలో కిందపడి నిజంగానే చచ్చిపోయాడు. అంటే అక్కడ వేషం వేసినవాడే బంప్ తింటాడు. నీ పోస్టు రెండు సార్లు చదివాను, నాకు కనిపించిన తేడా ఇదొక్కటే. వేషం వాళ్లది, బంప్ మీ బాబాయిది.


ఏడు ప్రాణాలు:

అండర్‌టేకర్ ఏడు సార్లు చచ్చి బతికాడు, మా కావలిలో ఎవర్నడిగినా చెబుతారు. దీని మీద చర్చ లేదు.


బండలాగుడు బ్యాచ్:

మాది ఒంగోలు దగ్గర. అందరూ ఒకటే పాట పాడుతున్నారు కాబట్టి అడ్డం తిరుగుతున్నా, ఏమీ అనుకోవద్దు.

రెజ్లింగ్ మీద మా ఊళ్లో ఎవడూ పైసా పందెం కాయడు, ఎందుకంటే ముందే రాసిపెట్టారని తెలుసు. ఎలక్షన్ మీద ఎకరాలు కాస్తారు, ఎడ్లు కాస్తారు, 2024లో కౌంటింగుకి ముందు మూడు వారాలు మా రచ్చబండ దగ్గర వేరే మాటే లేదు. ఫలితం ఎవడికీ తెలియదు కాబట్టే కదా? 2019లో ఉమ్మడి నెల్లూరు జిల్లాలో 10కి 10 వైసీపీ, 2024లో అదే 10కి 10 టీడీపీ. ఎవడు రాశాడు ఆ కథ? రాసేవాడే ఉంటే అటు రెండు ఇటు మూడు పడేసి అందర్నీ బతికిస్తాడు కానీ మొత్తం ఊడ్చిపారేస్తాడా? ఓడినాయన ముఖం చూడండి, అది నటన కాదు. నేను ఒకాయన్ని దగ్గరగా చూశాను, కౌంటింగ్ సెంటర్ బయట, ఆరో రౌండు అయ్యాక కారు డోరు తీయడం కూడా రాలేదు ఆయనకి, డ్రైవరు వచ్చి తీశాడు.

మా గిత్తల పందేలు చూడండి. పాలపళ్ల నుంచి సీనియర్స్ దాకా విభాగాలుంటాయి, ఇచ్చిన టైములో బండ ఎన్ని అడుగులు లాగింది, అంతే లెక్క. ఎద్దుల మీద రంగులు, పూలు, మైకులో బిల్డప్, ఓనరు గారి బిరుదులు, ఎమ్మెల్యే గారి ఫోటోతో ఫ్లెక్సీ, అదంతా నాటకమే, ఒప్పుకుంటా. బండ మాత్రం కదిలితే కదిలినట్టు, లేకపోతే లేదు. దానికి మైకు వినపడదు. ఎలక్షన్‌లో కూడా తొడ కొట్టడాలన్నీ మైకు, ఓటు ఒక్కటే బండ.

1984 గుర్తు తెచ్చుకోండి, ఆగస్టు 16న ఎన్టీఆర్‌ని దించేసి నాదెండ్ల భాస్కరరావుని కూర్చోబెట్టారు. పైనుంచి రాసిన కథే అది. ఊరూరా జనం రోడ్డు మీదికొస్తే సరిగ్గా నెలకి, సెప్టెంబర్ 16న, మళ్లీ ఎన్టీఆరే. మా నాన్న అప్పుడు లాఠీ దెబ్బ తిన్నాడు, ఇప్పటికీ గొప్పగా చెబుతాడు. ఆయన దగ్గరికి పోయి నువ్వు తిన్నది ఉత్తుత్తి దెబ్బ అని చెప్పే ధైర్యం నాకైతే లేదు.


పెన్నా గట్టు:

బండ మాట బాగుంది అన్నా, ఒప్పుకుంటున్నా. కానీ జనం కథ మార్చడం రెజ్లింగ్‌లోనూ ఉంది. 2014లో కంపెనీ ఎవరినో పైకి లేపుదామనుకుంటే జనం వారాల తరబడి డేనియల్ బ్రయాన్ పేరు అరిచి అరిచి మొత్తం ప్లాన్ చెడగొట్టారు, చివరికి ఏప్రిల్‌లో వాడికే బెల్టు ఇవ్వాల్సి వచ్చింది. తేడా ఏంటంటే అక్కడ అరిస్తే చాలు, ఎవడికీ లాఠీ తగల్లేదు.


సెంటర్‌లో టీ కొట్టు:

ఊరు చెప్పను, జిల్లాలో ఒక పెద్ద సెంటర్‌లో నా కొట్టు. ఈ "దమ్ముంటే సెంటర్‌కి రా" మ్యాచ్‌లు నాకన్నా దగ్గరగా చూసినవాళ్లు ఎవరూ ఉండరు, అందుకే రాస్తున్నా.

ముందు రోజు సాయంత్రం ఒకాయన ప్రెస్ మీట్‌లో రేపు పదింటికి వస్తా అంటాడు. రాత్రికి రెండో ఆయన నేనూ వస్తా, ఫైళ్లతో రా, దేవుడి మీద ప్రమాణం చేద్దాం రా అంటాడు. తెల్లారి ఆరింటికే పోలీసులు వచ్చి షట్టరు దించమంటారు. ఎనిమిదింటికి ఇద్దర్నీ ఎవరింట్లో వాళ్లని హౌస్ అరెస్ట్. తొమ్మిదింటికి రెండిళ్ల గేట్ల దగ్గరా తోపులాట, ఆయన చొక్కా గుండీలు విప్పి "నన్ను ఆపుతారా" అంటాడు, అనుచరులు పట్టుకుంటారు, మరీ గట్టిగా కాదు. పదకొండింటికి ఇద్దరూ ఎవరింటి ముందు వాళ్లు టీవీలకి "నేను రెడీ, ఆయనే భయపడ్డాడు, పోలీసులు కాపాడారు" అని. పన్నెండింటికి నేను షట్టరు తీస్తా. మ్యాచ్ జరగలా, ఇద్దరూ గెలిచారు.

మా వాడు రెజ్లింగ్ చూస్తా ఉంటే కూర్చున్నా ఒకసారి. ఇద్దరూ రింగు బయటే కొట్టుకుంటా ఉండిపోతే రిఫరీ పది లెక్కపెట్టి గంట కొట్టేశాడు, ఎవరూ గెలవలా. ఇదేందిరా మన సెంటర్ లాగే ఉంది అన్నా. రిఫరీ కూడా అచ్చం మన సీఐ గారిలాగే, చూడాల్సినప్పుడు అటు తిరిగి ఉంటాడు. నాకు మాత్రం ఆ రోజు ఉదయం బేరం పోయినా మధ్యాహ్నం మీడియావాళ్లు, కానిస్టేబుళ్లు కలిపి నూట యాభై టీలు తాగుతారు, కాబట్టి నష్టం లేదు.


మార్కాపురం:

మా వైపు అయితే రెజ్లింగ్‌లో ఎన్నేళ్లయినా తెగని పగలాంటి కథ ఒకటుంది, పేరు వెలిగొండ. శ్రీశైలం నీళ్లు కొండలో సొరంగం తవ్వి తెస్తామని 1996లో శంకుస్థాపన. 2024 ఎన్నికల ముందు మార్చిలో జంట సొరంగాలు జాతికి అంకితం. అంకితం అయిన ఆ వేసవిలో కూడా మా వీధికి ట్యాంకరే వచ్చింది. అండర్‌టేకర్, కేన్ అన్నదమ్ముల (వేషంలోనే లెండి) గొడవ 1997లో మొదలైంది, వాళ్లిద్దరూ కొట్టుకున్నారు, కలిశారు, మళ్లీ కొట్టుకున్నారు, రిటైర్ కూడా అయ్యారు. వెలిగొండ రిటైర్ అవలా. ప్రతి ఎలక్షన్‌కీ కొత్త మ్యూజిక్‌తో వస్తుంది.


హార్మోనియం గారబ్బాయి:

మీరందరూ అమెరికా దాకా పోయారు, మన కనిగిరి, దర్శి పల్లెల్లో పద్యనాటకాలు లేవా? మా నాన్న ముప్పై ఏళ్లు హార్మోనియం వాయించాడు, తిరునాళ్లకి నాతో సహా ఊరూరు తిరిగాడు. రాయబారం సీనులో కృష్ణుడు, దుర్యోధనుడు ఎదురెదురుగా నిలబడి పద్యం మీద పద్యం విసురుకుంటా ఉంటే ముందు వరసలో తాతలు ఈలలు, వన్స్‌మోర్లు, నోట్లు తెచ్చి చొక్కాకి గుచ్చేవాళ్లు. గంట ముందు ఆ ఇద్దరూ ఒకే అద్దంలో చూసుకుంటా ఒకరికొకరు రంగు పూసుకోవడం నేను చూశా. ముందు వరసలో తాతలకి కూడా తెలుసు, ఎవరూ మోసపోయినట్టు బాధపడలా.

అసలు నిజమైన పోటీ కూడా అందులోనే ఉండేది, అది పాత్రలది కాదు, మనుషులది. రాగం ఎవడు ఎక్కువసేపు లాగుతాడు, ఎవడికి వన్స్‌మోర్ పడుద్ది అని. ఒక తిరునాళ్లలో కృష్ణుడికి మూడు వన్స్‌మోర్లు పడ్డాయని దుర్యోధనుడు అలిగి మయసభ సీనుకి స్టేజి ఎక్కనన్నాడు, మా నాన్న పోయి బతిమాలాల్సి వచ్చింది. నాయకుల్లో కూడా నాకు అదే కనిపిస్తుంది. బయటికి అరుచుకునే పగ వేషం, లోపల ఉండే కుళ్లు మాత్రం నిజం, అది కూడా ఎక్కువగా సొంత పార్టీ వాళ్ల మీదే.

తేడా అడిగావు కదా పొదిలి అన్నా, తెల్లారుజామున నాటకం అయిపోగానే మంగళహారతి ఇస్తారు, దుర్యోధనుడు కిరీటం తీసి పెట్టెలో పెట్టి చంకలో తువ్వాలు పెట్టుకుని బస్టాండుకి పోతాడు. జనం కూడా వేషం అక్కడే వదిలేసి ఇంటికి పోతారు. మీ ఊళ్లో 2019లో మొదలైన నాటకానికి ఎవరూ మంగళం పాడలా.


పీవో మేడమ్:

టీచర్‌ని. ఐదు ఎలక్షన్లు డ్యూటీ చేశాను, అందులో చివరిది 2024 మే 13, దర్శి నియోజకవర్గంలో ఒక పల్లె. అక్కడ పోలింగ్ 90 శాతం దాటింది, మీకు గుర్తుండే ఉంటుంది.

బూత్ లోపల జరిగేది బయటివాళ్లకి తెలియదు. ఏడింటికి పోలింగ్ అంటే ఐదున్నరకే ఏజెంట్ల ముందు మాక్ పోల్ మొదలుపెట్టాలి, కనీసం 50 ఓట్లు వేసి, లెక్క సరిపోయిందని చూపించి, అవి చెరిపేసి, సీలు వేసి, సంతకాలు. చీకట్లో వచ్చిన ఇద్దరు ఏజెంట్లు, అటువాడొకడు ఇటువాడొకడు, ఇద్దరికీ ఇరవై ఐదు దాటవు. ఒకడి పెన్ను రాయకపోతే రెండోవాడు ఇచ్చాడు. మధ్యాహ్నం ఒకడికి ఇంటి నుంచి పులిహోర వస్తే డబ్బా మూతలో వేసి పక్కవాడికి జరిపాడు. "ఏరా మీ అమ్మ ఇంకా ఉప్పు ఎక్కువే వేస్తందా" అంటున్నాడు. మూడింటికి ఒక ఓటరు గుర్తింపు మీద ఇద్దరికీ మాట మాట పెరిగింది, కిటికీ బయట వాళ్ల మనుషులు చూస్తున్నారు, ఆ కిటికీ వైపు తిరిగి ఇద్దరూ ఎంత గట్టిగా అరిచారంటే నాకు టెన్షన్ వచ్చి సెక్టార్ ఆఫీసర్‌కి ఫోన్ చేశాను. బయటివాళ్లు సర్దుకోగానే ఇద్దరూ కూర్చున్నారు. "సారీ మేడమ్, అరవకపోతే సాయంత్రం మమ్మల్ని తిడతారు" అన్నాడు ఒకడు.

అంటే నాటకం పైవాళ్లకే పరిమితం కాదు. కానీ పూర్తిగా నాటకం అంటే కూడా నేను ఒప్పుకోను. ఆరింటికి గేటు మూసి లైన్లో ఉన్నవాళ్లకి స్లిప్పులు ఇచ్చాం, చివరి ఓటు పడేసరికి రాత్రి తొమ్మిది దాటింది. చంకలో పిల్లతో ఒకామె నాలుగింటి నుంచి నిలబడి ఉంది, హైదరాబాద్ నుంచి బస్సులో నిలబడే వచ్చిందట. ముందుకు పంపిస్తా రా అమ్మా అంటే, నా ముందున్న పెద్దవాళ్లని కాదని ఎందుకు మేడమ్ అంది. ఆమెకి ఇది రెజ్లింగ్ అని ఎలా చెబుతారో చెప్పండి.


బండలాగుడు బ్యాచ్:

మేడమ్ చెప్పిందే నేను చెప్పింది. బండ.


పొదిలి రోడ్డు:

అందరికీ థాంక్స్, ఇంత మంది రాస్తారనుకోలా. వారం నుంచి ఇక్కడికి రాలేదు, ఒక కారణం ఉంది, అది రాద్దామా వద్దా అని ఆలోచిస్తా ఉన్నా.

మొన్న బాబాయికి వాయిదా. నేను ఊళ్లోనే ఉన్నా కాబట్టి బండి మీద దించుతా అన్నా. వద్దులే, ఆటోలో పోతా అన్నాడు. ఎప్పుడూ అదే అంటాడు, నేను ఎప్పుడూ పట్టించుకోలేదు. ఈసారి పెన్నా గట్టు అన్న రాసిన కారు కథ బుర్రలో తిరుగుతా ఉంది. వేరే పని ఉందని చెప్పి కాస్త దూరంగా వెనకే పోయా. ఊరు దాటి చెరువు కట్ట మలుపు తిరిగాక ఆటో ఆగింది. వేపచెట్టు కింద నుంచి మామ వచ్చి ఎక్కాడు, బాబాయి పక్కనే, వెనక సీట్లో. ఎక్కేటప్పుడు బాబాయి ఎడం చేత్తో ఆయన సంచి అందుకున్నాడు.

కోర్టు దగ్గర చెరో చెట్టు కింద నిలబడ్డారు, ముఖాలు చూసుకోలా.

రాత్రి అరుగు మీద పడుకున్నాక అడిగా. ముందు కోపం వచ్చింది ఆయనకి, తర్వాత నవ్వాడు. "ఆటోవాడు మూడొందలు అడుగుతున్నాడు రా, ఒక్కణ్ణే ఎందుకు ఇవ్వాలి, చెరి నూటయాభై" అన్నాడు. ఎప్పటి నుంచి అంటే కరోనా తర్వాత కోర్టులు మళ్లీ తెరిచినప్పటి నుంచట. అంటే ఐదేళ్ల పైనే! మరి ఊళ్లో ఎందుకు మాట్లాడుకోరు అన్నా. చాలాసేపు ఏమీ అనలా, నిద్రపోయాడనుకున్నా.

"మాట్లాడుకుంటే ఇద్దరికీ నష్టం రా. మావాళ్లు నేను అమ్ముడుపోయాననుకుంటారు, లాయరు ఫీజు ఆపేస్తారు. ఆయన కొడుక్కి ఆ చిన్న ఉద్యోగం పార్టీవాళ్లు పెట్టించిందే, పీకేస్తారు. ఇప్పుడు రాజీ అన్నామంటే రెండు వైపులా చెడతాం."

మరి చెయ్యి సంగతి ఏంటి, దాన్ని మర్చిపోయావా అన్నా. నాకు నిజంగా ఒళ్లు మండింది, ఆయన మీదో మామ మీదో తెలియదు.

"ఎందుకు మర్చిపోతా, ముసురు పట్టినప్పుడల్లా లాగుద్ది. ఆయనే అడుగుతాడు ఆటోలో, ఎట్టా ఉంది బావా అని."

పిన్నికి ఇదేమీ తెలియదు. ఆమె ఇప్పటికీ మామ వాళ్లింటి వైపు చూడకుండా చుట్టు తిరిగి బోరింగు దగ్గరికి పోతుంది. తర్వాతి వాయిదా నెలాఖరులో. నేను చూసినట్టు మామకి చెప్పొద్దన్నాడు బాబాయి. ఊరి పేరు ఎవరైనా కనిపెట్టినా ఇక్కడ రాయకండి, ఈ పోస్టు వాట్సాప్ గ్రూపుల్లో అసలు వేయొద్దు.